చెవి లేని నష్టం

వ్యాపారంలో నష్టం వచ్చి మునిగినవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. లాభం వచ్చి మునిగినదాన్ని మాత్రం నన్నొక్కదాన్నే చూస్తున్నారు. నేనొక్కదాన్నే మునిగి ఉంటే ఈ కథ చెప్పేదాన్నే కాదు. గొర్రెలు కాచుకునే ఓ పెద్దాయనను దాదాపుగా నాతో పాటు ముంచాను. ఓ బ్యాంకు మేనేజరుకు తలనొప్పి తెప్పించాను. నలభై ఏళ్ళు అంగడి నడిపి ఎన్నడూ నోరు జారని మా నాయన, నా పుణ్యమా అని ఓ సాయంత్రం గల్లాపెట్టె మీద తల వాల్చేశాడు. దీనికంతటికీ నేను వాడిన ఆయుధాలు రెండు. ఒకటి బీకాం ఫస్టు క్లాసు, రెండోది ఎర్రసిరా పెన్ను.

మాది గోరంట్ల. బజారులో నాయనకు చిల్లర అంగడి ఉండేది. నేను హిందూపురంలో బీకాం ముగించి ఇంటికి వచ్చిన ఏడాది అది. ఫోన్లలో ఇంకా ఇంటర్నెట్టు లేదు. దాన్ని చూడాలంటే బస్టాండు పక్కన బాషన్న నెట్ సెంటరుకు వెళ్ళి, గంటకు ఇరవై రూపాయలు కట్టి, కరెంటు పోకూడదని దేవుడికి దండం పెట్టుకుని కూర్చోవాలి. దేవుడు సామాన్యంగా వినేవాడు కాదు.

మా అంగడిలో ఓ మూల ఎప్పుడూ నల్ల కంబళ్ళు దొంతరగా ఉండేవి. అవి లింగప్ప తాతవి. ఊరికి నాలుగు మైళ్ళ అవతలి పల్లె ఆయనది. ముప్పై గొర్రెలు, ఒక గుంట మగ్గం. భార్య హనుమక్క ఉన్ని వడికేది, ఆయన నేసేవాడు. అమ్మిపెట్టమని కంబళ్ళు మా దగ్గర పెట్టి బెల్లం, బీడీకట్టలు పట్టుకుపోయేవాడు. ఆ కంబళ్ళలోంచి వాన దిగదు. అయితే మా వైపు వాన చుట్టపుచూపుగా వచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయే రకం. రాని వానకు కంబళి ఎవరు కొంటారు? చలికి కొందామా అంటే, సంతలో పులిబొమ్మ రగ్గులు సగం ధరకే దొరికేవి. ఆ దొంతర మీద దుమ్ము పేరుకుంటూ ఉంది.

సరిగ్గా అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. ఇంటర్నెట్టులో కొత్తగా ఓ కంపెనీ పెద్ద సంత లాంటిది పెట్టింది. ఎవరైనా తమ సరుకు ఫొటో అందులో పెట్టుకోవచ్చు. కొనేవాళ్ళు డబ్బు కంపెనీకి కడతారు. కంపెనీ తన కమీషను పట్టుకుని మిగిలింది మన బ్యాంకు ఖాతాలో వేస్తుంది, మన నుంచి తనకు రావలసింది ఉంటే ఆ ఖాతాలోంచే తీసుకుంటుంది. సరుకు కొరియర్లో పంపడం మన పని. ఇదంతా లింగప్ప తాతకు అరగంట విడమర్చి చెప్పాను. ఆయన బీడీ ఆరిపోయేదాకా విన్నాడు.

"మనిషిని చూడకుండా, కంబళి ముట్టుకోకుండా కొంటారామ్మా?"

"ఫొటో చూసి కొంటారు తాతా."

"గొర్రెపిల్లను కొనేటప్పుడు గూడా మేము పండ్లు తెరిచి చూస్తాము కదమ్మా."

"కంబళికి పండ్లు ఉండవు కదా తాతా."

"అదీ నిజమేలే," అని ఆలోచించాడు. "నాకు ఎక్కువేం వద్దు శారదమ్మా. ఈ ఎండాకాలం గట్టెక్కితే చాలు. మేతకు ఒగ లోడు శెనక్కాయ కట్టె వేయించుకుంటే ముప్పై గొర్రెలూ బతుకుతాయి. లేదంటే సగం గొర్రెల్ని సంతకు తోలాల్సిందే. ఎండాకాలంలో అమ్మితే కసాయోడు చెప్పిందే ధర."

ఒక్కో కంబళి ఐదు వందలకు పెట్టాను. కమీషను, కొరియరు పోను ఆయనకు మూడు వందల యాభై, మిగిలిన చిల్లర నాకు. నిజం చెప్పాలంటే నాకు ఆ చిల్లర మీద కన్నా లెక్కల పుస్తకం మీద మోజు ఎక్కువ. నాలుగు రంగుల పెన్నులు కొన్నాను. లాభం పచ్చసిరా, నష్టం ఎర్రసిరా. నాయన తన చిట్టా పుస్తకాన్ని నా పుస్తకం పక్కన పెట్టుకోవడానికే సిగ్గుపడేవాడని నా నమ్మకం. ఆయన అటువైపు ఎన్నడూ చూసిందే లేదు, అది వేరే మాట.

వింత ఏమంటే, కంబళ్ళు అమ్ముడుపోయాయి. నెలన్నరలో ముప్పై దాకా పోయాయి. లింగప్ప తాత, హనుమక్క పగలంతా మగ్గం గుంటలోనే ఉన్నారు. పచ్చసిరా పెన్ను సగానికి వచ్చింది. అప్పుడు మొదటి మెయిలు వచ్చింది.

బాషన్న కంప్యూటరు ముందు కూర్చుని చదివి తల పైకెత్తాడు. "శారదమ్మా, కలకత్తా ఆయనెవరో కంబళి బాగలేదన్నాడంట. ఆయన దుడ్లు ఐదొందలు ఆయనకు వాపసు ఇచ్చేసినారంట. ఉత్తరం రెండు పేజీలుండాది, రెండూ కొట్టమంటావా?"

ప్రింటు పేజీకి మూడు రూపాయలు. నేను శెట్టిగారి కూతుర్ని.

"మొదటి పేజీ చాలు అన్నా. రెండోదాంట్లో ఏముంటుంది, సంతకాలూ సోదీ తప్ప."

చదువుతున్నవాళ్ళు ఈ మూడు రూపాయలను కాస్త జాగ్రత్తగా పక్కన పెట్టుకోండి. మళ్ళీ పని పడుతుంది.

మొదటి పేజీలో ఆ కలకత్తా ఆయన గోడు ఉంది. దుప్పటిని మంచం మీద పరిస్తే పరుచుకోవడం లేదట, నిలబడుతోందట. అది నిజమే. మా కంబళ్ళకు చింతపిక్కల గంజి పెడతారు. వాన దిగకుండా ఉండటానికి అది. ఓ నాలుగేళ్ళు కప్పుకుని, మోసి, దానిమీద పడుకుంటే మెత్తబడుతుంది. కలకత్తా ఆయనకు అంత ఓపిక లేదు. ఆయన గోడు కింద కంపెనీవాళ్ళ వాక్యం ఒకటి లావు అక్షరాల్లో ఉంది. కొన్నవారికి పూర్తి సొమ్ము వాపసు చేశాము, వస్తువును వారినే ఉంచుకోమన్నాము అని. గోరంట్లకు తిరిగి పంపే ఖర్చు కంబళి కన్నా ఎక్కువవుతుందట.

ఇంటికొచ్చి ఎర్రసిరా పెన్ను మూత తీశాను. ఐదు వందలు నష్టం. కంబళి కూడా పోయింది.

తరవాత పూనా నుంచి వచ్చింది. మా కుక్క దీన్ని చూసి మొరగడం ఆపడం లేదు అని. ఇంకెవరో, ఇల్లంతా గొర్రె ఉన్నట్టుంది, కానీ ఎక్కడుందో కనిపించడం లేదు అని రాశారు. ఆ మాట చెబితే లింగప్ప తాత నొచ్చుకున్నాడు. "గొర్రె బొచ్చు గొర్రె వాసన రాకుండా మల్లెపూల వాసన వస్తాదా?" అన్నాడు. మొత్తం తొమ్మిది మెయిళ్ళు. తొమ్మిది మొదటి పేజీలు. తొమ్మిది ఎర్ర గీతలు. నాలుగు వేల ఐదు వందలు.

ఇక్కడే నా చదువు నాకు న్యాయం కూడా నేర్పింది. నష్టమంతా నేనే ఎందుకు మొయ్యాలి? అలాగని తాత మీదే వెయ్యడం పాపం. ఇద్దరం సగం సగం అని నిర్ణయించాను. పుస్తకం ఆయన ముందు తెరిచి, ఒక్కో మెయిలుకు రెండు వందల యాభై చొప్పున ఆయనకు రావలసినదాంట్లో పట్టుకుంటున్నానని వివరించాను. ఆయనకు చదువు రాదు. ఆ పేజీని తేరిపార చూశాడు.

"ఇంత ఎర్రగా ఉండాదేమ్మా?"

"నష్టం తాతా."

"తోడేలు పడిన దొడ్డి గూడా ఇంత ఎర్రగా ఉండదు," అన్నాడు. "సరేలే. కరువొస్తే ఇద్దరికీ పస్తే కదా," అని, తగ్గిన నోట్లనే పంచె కొంగున ముడేసుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మాట కూడా అడగలేదు. ఆయన అడగకపోవడం చూసి, నా లెక్క అంత స్పష్టంగా ఉందని నేను మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక బ్యాంకు సంగతి. నేను నా పుస్తకం చెప్పినంతే బ్యాంకు నుంచి తీసేదాన్ని, పైసా ఎక్కువ తీసేదాన్ని కాదు. ఓ రోజు పాసుబుక్కులో లెక్కలు ఎక్కించుకుని చూస్తే, నా పుస్తకం ప్రకారం ఉండాల్సినదానికన్నా నాలుగు వేల ఐదు వందలు ఎక్కువ ఉంది. ఎర్రసిరా మొత్తం ఎంతో, ఎక్కువున్నది కూడా సరిగ్గా అంతే. మామూలు మనిషైతే ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని ఓ నిమిషం ఆలోచిస్తుంది. నేను బీకాం. నా పుస్తకం తప్పయ్యే అవకాశమే లేదు కాబట్టి తప్పు బ్యాంకుదే అయి ఉండాలి. ఎవరిదో డబ్బు నా ఖాతాలో పడింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది ఫస్టు క్లాసులో పోయింది.

మేనేజరుగారు గోదావరి వైపు మనిషి, బదిలీ మీద కొత్తగా వచ్చారు. మా ఎండలకు అప్పటికే సగం వాడిపోయి ఉన్నారు.

"ఏమ్మా, డబ్బు తగ్గిందా?" అన్నారు.

"ఎక్కువైంది సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకోసారి చెప్పండి."

"నాలుగు వేల ఐదు వందలు ఎక్కువుంది సార్. నాది కాదు. వెనక్కి తీసేసుకోండి."

"ఎవరిదమ్మా మరి?"

"అది మీరే చెప్పాలి సార్."

లెడ్జరు తెప్పించారు. గుమాస్తాను పిలిపించారు. ఇద్దరూ కలిసి వేలుపెట్టి చూశారు. "ఇవన్నీ మీరు చెప్పే ఆ కంపెనీ నుంచే వచ్చాయమ్మా. మా వైపు పొరపాటేం లేదు," అన్నారు.

"లేదు సార్, నా పుస్తకంలో నష్టం చూపిస్తోంది."

"అమ్మా, నా సర్వీసులో డబ్బు తగ్గిందని పోట్లాడినవాళ్ళనే చూశాను. ఎక్కువైందని పోట్లాడే మనిషి మీరొక్కరే. మీ తృప్తి కోసం ఒక అర్జీ రాసివ్వండి."

మూడు కాపీలు రాసిచ్చాను, కార్బను పేపరు పెట్టి మరీ. ఆ డబ్బు ముట్టుకుంటే జైలే అనుకుని తాకలేదు. బజారులో పోలీసు జీపు కనిపిస్తే చాలు, చింతపండు బస్తాల వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. నాయన చూసి, కడుపులో బాగాలేదేమో అని వాముకషాయం పట్టించాడు. మూడుసార్లు తాగాను. నిజం చెప్పడం కన్నా అదే సులభమనిపించింది.

ఎండలు ముదిరాయి. ఓ శనివారం సాయంత్రం లింగప్ప తాత అంగడికి వచ్చాడు. ఎప్పట్లా అరుగు మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

"రేపు సంతకు పదైదు గొర్రెల్ని తోలుతాండా శెట్టీ. ఒగ మాట చెప్పిపోదామని వచ్చినా," అన్నాడు నాయనతో.

నాయన తక్కెడ కింద పెట్టాడు. "ఏమప్పా, ఎండాకాలంలోనా? కంబళ్ళన్నీ అమ్ముడుపోయినాయి కదా, కట్టె వేయించుకోలేదా?"

"అమ్ముడుపోతే ఏముండాది. నష్టమంట. కట్టెకు రెండు వేల పైచిల్లర తక్కువబడినాది."

"ఏం నష్టం?"

తాత నా వైపు చూశాడు. నాయన కూడా నా వైపు చూశాడు. నేను పుస్తకం తెచ్చి గర్వంగా గల్లాపెట్టె మీద తెరిచాను. నాయన ఎర్రసిరా పేజీ మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాడు. చదువు రాని తాత మాత్రం, ఇన్నాళ్ళూ అడగని ప్రశ్న అడిగాడు. గొర్రెలు వదులుకోవలసి వచ్చినప్పుడు గాని నోరు తెరవలేదు ఆ మనిషి.

"శారదమ్మా, తప్పుగా అనుకోవద్దు. చెవి యాడుండాది?"

"ఏ చెవి తాతా?"

ఇది మీకు చెప్పాలి. మా వైపు కొందరు తమ గొర్రెల్ని కాపరులకు మేపుకు ఇస్తారు. ఏడాది తిరిగాక మందను లెక్కపెట్టుకుంటారు. ఒక గొర్రె తక్కువైతే, చచ్చిపోయిందని కాపరి ఊరికే చెబితే సరిపోదు. దాని చెవి కోసి, ఎండబెట్టి దాచి, యజమానికి చూపించాలి. చెవి చూపితే యజమాని నష్టం ఒప్పుకుంటాడు, మారుమాట్లాడడు. చెవి లేకపోతే గొర్రె బతికున్నట్టే లెక్క.

"చెవి లేందే నష్టం ఎట్లా రాసినావమ్మా?" అన్నాడు తాత. "ఆయప్ప కలకత్తాలో కంబళి కొన్నాడు. దుడ్లు ఎవురికిచ్చె?"

"కంపెనీకి."

"కంపెనీ నీకిచ్చె. మళ్ళా నీ దగ్గర పట్టుకుపోయినారా?"

"వాపసు ఇచ్చామని మెయిలు వచ్చింది తాతా."

"మాట వచ్చింది. చెవి వచ్చిందా?"

నాయన చెయ్యి చాపాడు. "పాసుబుక్కు తీసుకురా."

తెచ్చాను. ఆయన ఒక్కో గీత మీదుగా వేలు నడిపించుకుంటూ పోయాడు. కంపెనీ వేసినవన్నీ ఉన్నాయి. కంపెనీ తీసినది ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఒగ చెవి గూడా లేదే," అన్నాడు నాయన మెల్లగా. "పైగా నాలుగున్నర వేలు ఊరికే పడుండాదే."

"అది మనది కాదు నాయనా. బ్యాంకువాళ్ళ పొరపాటు. వెనక్కి తీసుకోమని అర్జీ కూడా ఇచ్చాను, మూడు కాపీలు."

అప్పుడే ఆయన గల్లాపెట్టె మీద తల వాల్చింది. చాలాసేపు లేవలేదు. లేచాక, పుస్తకంలో నేను దాచిన మెయిలు కాగితం కింద రెండు పేజీల్లో మొదటిది అని ఉండటం చూసి ఒక్కటే అన్నాడు. "బాషా దగ్గరికి పో. రెండో పేజీ కొట్టించుకురా."

మూడు రూపాయలు. పక్కన పెట్టుకోమన్నాను కదా, ఇక బయటికి తీయండి. రెండో పేజీ మొదటి పేరాలోనే ఉంది. ఈ వాపసు సొమ్మును మా సంస్థే సొంతంగా భరిస్తోంది, వస్తువు తిరిగి రాలేదు కనుక అమ్మినవారి నుంచి ఏమీ పట్టుకోము, మీ చెల్లింపు యథాతథం. కొత్తగా సంత పెట్టినవాళ్ళు కదా, కొనేవాళ్ళు బెదిరిపోకూడదని నచ్చనివాళ్ళకు తమ జేబులోంచే ఇచ్చుకున్నారు. బాషన్న దాన్ని గట్టిగా చదివి, "రెండూ కొట్టమంటావా అని నేను తొమ్మిది తూర్లు అడిగినా," అన్నాడు. ఆ మాట ఆయన ఇప్పటికీ అంటూనే ఉన్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమంటారు. నేను గొర్రె చావకుండానే, చెవి కోయకుండానే దానికి దినం పెట్టి, ఆ ఖర్చులో సగం కాపరి దగ్గర వసూలు చేశాను.

బ్యాంకు మూసేశారు కాబట్టి నాయన గల్లాలోంచి రెండు వేల రెండు వందల యాభై తీసి నా చేతికిచ్చాడు. "నువ్వే ఇయ్యి," అన్నాడు. ఇచ్చేటప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇంకొక్క రాత్రి గడిచి ఉంటే పదిహేను గొర్రెలు కసాయి చేతికి పోయేవి, నా చక్కని చేతిరాత వల్ల. తాత నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని ముడేసుకున్నాడు.

"ఏడ్చేదేముండాది. కట్టె వచ్చేస్తాది. సంతకు తోలేది లేదు," అన్నాడు. అప్పుడు గాని అరుగు మీద కూర్చోలేదు. కూర్చుని, బీడీ ముట్టించి, కొత్త దిగులు మొదలుపెట్టాడు. "మరి ఆ కంపెనీ ఆయప్ప తొమ్మిది తూర్లు చేతి దుడ్లు ఇచ్చుకున్నాడే. పాపం, వాళ్ళింట్లో ఏమనుకుంటారో."

"పెద్ద కంపెనీ తాతా. వాళ్ళకదో లెక్క కాదు."

"ఎవురికైనా లెక్కే. మన కంబళి వల్లనే కదా పోయింది."

వారం తిరక్కుండా ఒక కంబళి తెచ్చాడు. గంజి పెట్టలేదు. గొర్రెపిల్లల తొలికత్తెర ఉన్నితో నేసింది, చెంపకు ఆనించుకుంటే పిల్లిలా మెత్తగా ఉంది. కంపెనీ ఆయప్పకు పంపమన్నాడు, దుడ్లు వద్దన్నాడు. నాకు కూడా ఆ ఆలోచన చాలా గొప్పగా తోచింది. పొట్లం కట్టి, కృతజ్ఞతలు చెబుతూ ఇంగ్లీషులో ఉత్తరం రాసి లోపల పెట్టి, కంపెనీ ఆఫీసుకు కొరియరు చేశాను. ఉత్తరం రెండు పేజీలు. వాళ్ళు మొదటి పేజీ కూడా చదివినట్టు లేదు.

ఇరవై రోజులకు మెయిలు వచ్చింది. ఈసారి బాషన్న అడగలేదు, నేను చెప్పలేదు, రెండు పేజీలూ ప్రింటు వచ్చాయి. మొదటి పేజీలో, మీరు అమ్మిన కంబళి మా కార్యాలయానికి తిరిగి చేరింది అని ఉంది. రెండో పేజీలో, వస్తువు తిరిగి వచ్చింది కనుక ఆ ఆర్డరుకు మేము భరించిన ఐదు వందలు ఇప్పుడు మీ ఖాతా నుంచి పట్టుకుంటున్నాము, కంబళిని మీకు పంపుతున్నాము, కొరియరుకు మరో నూట ఇరవై అని ఉంది. బహుమతిగా పంపినదాన్ని ఎవరో గుమాస్తా తొమ్మిది ఫిర్యాదుల్లో ఒకదానికి జతచేసి, లెక్క ముగించేశాడు.

పాసుబుక్కులో ఎక్కించుకున్నాను. ఆరు వందల ఇరవై. కంపెనీ చేసిన మొట్టమొదటి తీసివేత. అప్పటికి కంబళి కూడా వచ్చేసింది. రెండూ తీసుకుని బస్సెక్కి, దిగి నడిచి, లింగప్ప తాత దొడ్డికి వెళ్ళాను. ముప్పై గొర్రెలూ శెనక్కాయ కట్టె నములుతున్నాయి.

"తాతా, చెవి," అని పాసుబుక్కు తెరిచి ఆ గీత చూపించాను. జరిగింది చెప్పాను.

ఆయన ఆ గీతను వేలితో తడిమాడు. "ఇదీ నష్టమంటే. ఇప్పుడు రాసుకో ఎర్రగా," అన్నాడు. తరవాత లేచి నిలబడి కొంగు ముడి విప్పాడు. హనుమక్కను పిలిచి ఆరు వందల ఇరవైలో సగమెంతో అడిగాడు. ఆమె వడుకుతున్న ఉన్ని ఆపి, వేళ్ళ మీద లెక్కేసి చెప్పింది. ఆయన మూడు వందల పది రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇదేంది తాతా, వద్దు."

"సగం సగం అని నువ్వే కదమ్మా అన్నావు. చెవి చూపినావు. చెవి చూసినాక మారుమాట్లాడకూడదు."

మారుమాట్లాడలేదు. ఆ డబ్బు తీసుకుని నడుస్తుంటే, బీకాంలో నాకు ఫస్టు క్లాసు ఇచ్చినవాళ్ళు ఎవరో గాని వాళ్ళు ఒక్కసారైనా ఈ దొడ్డికి వచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

అందువల్ల, ఆ తిరిగొచ్చిన కంబళి మీద కుడిచెయ్యి పెట్టి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో చెవి చూడకుండా నష్టం రాయను. మూడు రూపాయలకు కక్కుర్తిపడి రెండో పేజీ వదలను. నా దగ్గర డబ్బు ఎక్కువుందని ఏ మేనేజరుకూ మొరపెట్టుకోను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎంత జాలి కలిగినా సరే, ఏ కంపెనీకీ కంబళి కప్పను.